కొనేవాడి కోసం కాల్చిన మట్టి

1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్ర దోసకాయల కోసం నీళ్లలోకి దిగిన మత్స్యకారులకు 17 మీటర్ల లోతున ఓ దిబ్బ కనపడింది. దిబ్బంతా పగడాలు పట్టేసి ఉంది. కెలికి చూస్తే గిన్నెలు బయటపడ్డాయి. తర్వాత లెక్క పెడితే అవి దాదాపు 60 వేలు తేలాయి. వాటి కింద ఓ ఓడ అడుగుభాగం ఉంది. చైనాలో సరుకు ఎక్కించుకుని పడమటికి బయల్దేరి, దాదాపు పన్నెండు వందల ఏళ్ల కిందట అక్కడ మునిగిపోయిన ఓడ అది.

కాలం అంత కచ్చితంగా ఎలా తెలిసిందంటే, ఒక గిన్నె మీద మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఎవరో పుల్లతో తేదీ గీశారు. బావోలీ ఏలుబడి రెండో ఏడు, ఏడో నెల, పదహారో రోజు. మన లెక్కలో అది క్రీ.శ. 826. చైనాలో టాంగ్ వంశం, బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాలు ఏలుతున్న రోజులు.

సరుకు చైనాదే, ఓడ మాత్రం చైనాది కాదు. దాని పలకల్ని ఇనుప మేకులతో బిగించలేదు. అంచుల వెంట రంధ్రాలు చేసి తాళ్లతో కుట్టారు. అరేబియా, పర్షియా గల్ఫ్ తీరాల్లో ఓడలు కట్టే పద్ధతి అది. మన కోస్తా వాళ్లకు ఇదేమీ వింత కాదు. మచిలీపట్నం, విశాఖ, మద్రాసు రేవుల్లో లోతు నీళ్లలో ఆగిన ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలు కూడా కొబ్బరి తాడుతో కుట్టినవే. అలలు విరిగే చోట మేకులు కొట్టిన పడవ బద్దలవుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి దెబ్బ కాచుకుంటుంది. బెలితుంగ్ ఓడ నమూనాలో ఒమన్‌లో ఓ ఓడను మళ్లీ కుట్టి, ‘జువెల్ ఆఫ్ మస్కట్’ అని పేరు పెట్టి, 2010లో మస్కట్ నుంచి కొచ్చి, గాలె, పెనాంగ్ మీదుగా సింగపూర్ దాకా నడిపారు. తాళ్లు ఊడలేదు.

పింగాణి కథను మామూలుగా ఒకే దిక్కున చెబుతుంటారు. చైనా వాళ్లు కనిపెట్టారు, లోకమంతా కొనుక్కుంది అని. అందులో అబద్ధం లేదు గానీ సగం కథ జారిపోయింది. గిన్నె ఎంత ఉండాలో, దాని మీద ఏ బొమ్మ ఉండాలో, ఏ రంగు వెయ్యాలో చాలాసార్లు తేల్చింది వేల మైళ్ల అవతల అన్నం తినేవాడు. ఆ సంగతి బెలితుంగ్ సరుకులో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది.

ఆ 60 వేలలో 55 వేలకు పైగా ఒకే రకం గిన్నెలు. చైనా నడిబొడ్డున హునాన్‌లో, చాంగ్షా పట్నం దగ్గరి ఆవాల్లో కాలినవి. ఒక్క గిన్నెను దగ్గరగా చూద్దాం. వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, రెండు చేతుల్లో ఒదిగేంత. అంచును నాలుగు వైపులా ఇనుము కలిసిన గోధుమ రంగు ద్రవంలో ముంచారు. దాంతో అంచు మీద నాలుగు అర్ధచంద్రాలు పడి, నడుమ పాలిపోయిన రంగులో ఓ చదరం మిగిలింది. బొమ్మకు అదే చట్రం. ఎలాంటి కొలతా లేకుండా, నాలుగు ముంచుళ్లతో చట్రం సిద్ధం. అందులో ఇనుముతో గోధుమ రంగు, రాగితో ఆకుపచ్చ కలిపి నాలుగైదు కుంచె దెబ్బలతో బొమ్మ వేశారు. పక్షి, చేప, తామర, మబ్బు, కొండ. ఒక గిన్నెలో మకరంలాంటి జలచరం, ఇంకొక దాంట్లో ఉంగరాల జుట్టు మనిషి, మరి కొన్నింట్లో అరబ్బు అక్షరాల్లా కనపడే గీతలు. గీసినవాడికి ఆ లిపి రాదని చూడగానే తెలిసిపోతుంది. ఏదో ఓ నమూనా ముందు పెట్టుకుని ఆకారం దించాడు. చదవడం రాకపోయినా, చదివేవాళ్లు ఎక్కడో ఉన్నారని అతనికి తెలుసు.

ఒక గిన్నె మీద ప్రకటనే ఉంది. హునాన్‌లో షిజూ అనే చోట ఫాన్ వారి గిన్నెలు పేరుమోసినవని రాసుకున్నారు. తొమ్మిదో శతాబ్దంలో, సముద్రానికి వందల మైళ్ల లోపల ఉన్న ఊళ్లో ఓ కుమ్మరి కుటుంబం తన పేరును సరుకు మీద వేసుకుంటోందంటే అది తీరిక వేళ కులవృత్తి కాదు, పోటీ ఉన్న వ్యాపారం. ఊరి అంగడికి 55 వేల గిన్నెలు అక్కర్లేదు. షియాంగ్ నది మీదుగా దోంగ్‌టింగ్ సరస్సుకు, అక్కణ్ణించి యాంగ్త్సే వెంట యాంగ్జౌ రేవుకు, ఆపైన కడలికి నీటిదారి ఉంది కాబట్టే అంత సరుకు తయారైంది.

ఇంతకీ కుండకూ పింగాణికీ తేడా ఎక్కడ? చాలామంది తేడా అంతా మట్టిలోనే ఉందనుకుంటారు. మట్టితో పాటు మంటలోనూ ఉంది. మన కుమ్మరి ఆవంలో వేడి 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ రేణువుల మధ్య సందులు మిగిలిపోతాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఆ సందుల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆరడం వల్లే. వేడి 1200 డిగ్రీలకు చేరితే, తట్టుకోగల మట్టి అయిన పక్షంలో, లోపలి ఖనిజాలు కొంత కరిగి సందుల్ని పూడ్చేస్తాయి. దాన్ని స్టోన్‌వేర్ అంటారు. మన ఇళ్లలో ఊరగాయ జాడీ అదే జాతి. చాంగ్షా గిన్నెలూ అదే జాతి. ఇక 1300 డిగ్రీల దగ్గర, కేయోలిన్ అనే తెల్లమట్టిని పొడి చేసిన ఒక రకం తెల్లరాతితో కలిపి కాలిస్తే వచ్చేది అసలు పింగాణి. పల్చగా ఉంటే వెలుతురు అవతలికి కనపడుతుంది, గోటితో మీటితే ఖంగుమంటుంది. కేయోలిన్‌కు ఆ పేరు చైనాలో పింగాణి చేసే జింగ్డెజెన్ పట్నం దగ్గరి గావోలింగ్ అనే ఊరి నుంచి వచ్చింది.

అంత వేడి పుట్టించడం ఆషామాషీ కాదు. దక్షిణ చైనా కుమ్మరులు కొండవాలు మీద, పదుల మీటర్ల పొడవున, సొరంగంలాంటి ఆవం కట్టారు. కింద మొదట్లో మంట పెడితే వేడి వాలు వెంట తనంతట తాను పైకి పాకుతుంది. వాలే పొగగొట్టం పని చేస్తుంది. పక్కల ఉన్న కంతల్లోంచి కట్టెలు వేస్తూ మంటను అంచెలంచెలుగా పైకి జరుపుతారు. చైనా వాళ్లు దాన్ని డ్రాగన్ ఆవం అన్నారు. ఒక్క కాల్పులో వేల పాత్రలు దిగుతాయి. గాజు పూత కూడా ఈ ఆవాల్లోనే పుట్టి ఉంటుందని చెబుతారు. కట్టెల బూడిద ఎగిరి కుండ భుజాల మీద పడి, ఆ వేడికి కరిగి గాజులా అతుక్కుంటుంది. చూసినవాడు బూడిదను మట్టినీళ్లలో కలిపి తనే పూయడం మొదలుపెట్టాడు. ఆ పూతలో ఇనుము ఒకటి రెండు శాతం ఉండి, ఆవంలోకి గాలి చొరకుండా మంటను ఉక్కిరిబిక్కిరి చేస్తే చలవ చేసే ఆకుపచ్చ వస్తుంది. గాలి దూరితే అదే పూత పసుపు, గోధుమ రంగులకు తిరిగిపోతుంది. సెలడాన్ అని పేరుబడ్డ ఆ ఆకుపచ్చ పాత్రల రహస్యమంతా గాలిని ఆపడంలోనే ఉంది.

ఇన్ని సరుకులుండగా ఓడవాళ్లు మట్టినే ఎందుకు ఎంచుకున్నారన్నది తర్వాతి ప్రశ్న. పట్టు తేలిక, తడిస్తే పోతుంది. తేలిక సరుకుతో బయల్దేరిన ఓడ గాలికి ఊగిపోతుంది, అడుగున బరువు కావాలి. బరువు కోసం రాళ్లు వేసుకుంటే వాటిని ఎవరూ కొనరు. పింగాణి బరువుకు బరువు, అమ్ముకుంటే డబ్బుకు డబ్బు, ఉప్పునీళ్లు తగిలినా చెక్కు చెదరదు. బెలితుంగ్ ఓడ అడుగున దాదాపు పది టన్నుల సీసం దిమ్మెలున్నాయి, వాటి పైన గిన్నెలు. గిన్నెల్ని విడిగా పడెయ్యలేదు. పెద్ద పెద్ద జాడీల్లో చుట్లు చుట్లుగా, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నట్టు పేర్చారు. ఒక్కో జాడీలో 130 దాకా పట్టాయి. సముద్రం అడుగున పన్నెండు శతాబ్దాలు ఉన్నా వేల గిన్నెల మీద పూత మెరుపు తగ్గకపోవడానికి ఈ పేర్పే కారణం. ఓడలో ఇంకా బంగారు గిన్నెలు, వెండి పెట్టెలు, కంచు అద్దాలు, అనాసపువ్వు ఉన్నాయి. పత్రికలు బంగారాన్నే ఎక్కువగా పొగిడాయి. నన్నడిగితే ఆ ఓడలో విలువైనది చవక గిన్నెల గుట్టే. బంగారు పాత్ర రాజుల సంగతి చెబుతుంది, 55 వేల మామూలు గిన్నెలు అవతలి రేవుల్లో ఎందరు కొనేవాళ్లున్నారో చెబుతాయి.

ఆ కొనేవాళ్ల దగ్గరికే వెళ్దాం. 851 నాటి ఓ అరబ్బు గ్రంథం చైనా విశేషాలు చెబుతూ, అక్కడి మేలురకం మట్టి పాత్రలు మట్టివే అయినా లోపలి నీళ్లు బయటికి కనపడేంత పల్చనివని ఆశ్చర్యపోయింది. ఇరాక్‌లో అబ్బాసీల రాజధానిగా ఉన్న సమర్రాను 1911 నుంచి 1913 దాకా ఎర్న్స్ట్ హెర్జ్‌ఫెల్డ్ తవ్వినప్పుడు చైనా తెల్ల పింగాణి పెంకులు దొరికాయి. వాటి పక్కనే అచ్చం అలాగే కనపడే ఇంకో రకం పెంకులూ దొరికాయి. విరిగిన అంచు చూస్తేనే తేడా బయటపడుతుంది. పైన తెలుపు, లోపల లేత పసుపు మట్టి. అది ఇరాక్‌లోనే ఉన్న బస్రా కుమ్మరుల పని.

బస్రా వాళ్ల దగ్గర కేయోలిన్ లేదు, 1300 డిగ్రీల ఆవమూ లేదు. ఊళ్లో పెద్దవాళ్లు చైనా తెల్ల గిన్నెలకు ఎగబడుతుంటే వీళ్ల సరుకు అమ్ముడుపోదు. అందుకని సీసం పూతలో తగరం భస్మం కలిపారు. పూత కరిగినా కరగకుండా మిగిలే తగరం రేణువులు దాన్ని పాలలా తెల్లబరిచాయి. పసుపు మట్టి ఆ తెలుపు కింద దాక్కుంది. అంచును చైనా గిన్నెలాగే కాస్త బయటికి చుట్టారు. అనుకరణ అనాలంటే ఇక్కడిదాకా అనొచ్చు. ఇక్కణ్ణించి మాత్రం వాళ్ల సొంతం. తెల్లటి పూత ఎదురుగా ఉంటే ఊరుకోలేక దాని మీద కోబాల్ట్‌తో నీలం ఆకులూ పూలూ, అప్పుడప్పుడు ఓ వాక్యమూ రాశారు. కాలేటప్పుడు ఆ నీలం, తడి గుడ్డ మీద సిరా పడ్డట్టు, అంచుల్లో కొద్దిగా పాకింది. వెండి, రాగి లవణాలతో గిన్నె మీద లోహపు తళుకు తేవడం కూడా అక్కడి కుమ్మరులే సాధించారు. ఆ తగరం పూత తర్వాత స్పెయిన్, ఇటలీ మీదుగా హాలండ్ డెల్ఫ్ట్ దాకా పాకింది. అదంతా వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు.

మనకు కావలసింది నీలం. తెలుపు మీద నీలం అనగానే ఎవరికైనా చైనా పింగాణే గుర్తొస్తుంది. బెలితుంగ్ ఓడలో అలాంటివి మూడు పళ్లాలు ముక్కలవకుండా దొరికాయి. చైనాలో తయారైన తెలుపు నీలం పాత్రల్లో పూర్తిగా మిగిలిన అతి పాతవి అవే. వాటి మీది డిజైన్ ఓ డైమండ్ ఆకారం, దాని మూలల నుంచి చిమ్మే ఆకులు. చైనా చిత్రాల్లో దానికి చుట్టాలు లేరు, పశ్చిమాసియాలో ఉన్నారు. అంటే చైనా కుమ్మరి ఆ పళ్లాల్ని పడమటి గిరాకీ కోసమే చేశాడని చాలామంది పండితుల అభిప్రాయం. అప్పట్లో చైనాలో అవి నిలదొక్కుకోలేదు. తెల్లటి, ఆకుపచ్చటి పాత్రల్లో పూత అందాన్నే మెచ్చుకునే చైనా పెద్దలకు రంగుల బొమ్మలు కాస్త మోటుగానే తోచాయి.

నీలం మళ్లీ చైనాకు వచ్చింది అయిదు వందల ఏళ్ల తర్వాత, మంగోలుల యువాన్ వంశం కాలంలో. పర్షియా, చైనా రెండూ మంగోలు వంశాల చేతుల్లోనే ఉన్నాయి. ముస్లిం వర్తకులు చైనా రేవుల్లో స్థిరపడి ఉన్నారు. 1278లో జింగ్డెజెన్ దగ్గర ప్రభుత్వ పింగాణి శాఖ వెలిసింది. కోబాల్ట్ ఇరాన్ నుంచి దిగుమతయ్యేది. కాషాన్‌లోని కుమ్మరి వంశానికి చెందిన అబుల్ ఖాసిం 1301లో కుండల తయారీ మీద రాసిన గ్రంథంలో, కోబాల్ట్ ఖంసర్ అనే ఊరి దగ్గర దొరుకుతుందని రాశాడు. కోబాల్టే ఎందుకంటే, 1300 డిగ్రీల మంటలో రాగి ఎరుపు ఓసారి వస్తుంది, ఓసారి ఎగిరిపోతుంది. కోబాల్ట్ నీలం చిటికెడు వేసినా మాట తప్పదు. ఇరాన్ కోబాల్ట్‌లో ఇనుము పాలు ఎక్కువ. అందుకే ఆ కాలపు పాత్రల మీద కుంచె ఆగిన చోటల్లా ముదురు నీలం చుక్కలు గడ్డకట్టి, పూతలోంచి పైకి పొడుచుకొచ్చినట్టుంటాయి. చైనా సొంత గనుల కోబాల్ట్‌లో మాంగనీస్ ఎక్కువ, దాని నీలం బూడిద రంగు వైపు మొగ్గుతుంది. ఏ పాత్రలో ఏ గని సరుకుందో ఇప్పుడు పరికరాలతో తేలుస్తున్నారు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే బావుంటుంది. చైనాలోని నింగ్బో నుంచి జపాన్‌కు వెళ్తూ కొరియా తీరంలో సినాన్ దగ్గర 1323లో మునిగిన ఓడలో 20 వేలకు పైగా పింగాణి పాత్రలూ, 28 టన్నుల రాగి నాణేలూ దొరికాయి. ఆ 20 వేలలో తెలుపు నీలం ఒక్కటీ లేదు. 1351 తేదీ వేసిన రెండు పొడుగాటి పూలకూజాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం దగ్గరున్నాయి. ఓ భక్తుడు తావో ఆలయానికి ఇచ్చుకున్నవి. వాటి మీద నీలంలో డ్రాగన్లు ఏ తడబాటూ లేకుండా తిరుగుతాయి. అంటే దాదాపు పాతికేళ్లలో ఆ పని చెయ్యి తిరిగిపోయింది, లేదా జపాన్ వాళ్లు అప్పటికింకా నీలం అడగలేదు. రెండోదీ కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఓడలో ఏముందన్నది ఎవరు కొంటున్నారన్నదాన్ని బట్టే ఉంటుంది కదా.

కొనేవాడి ముద్ర అన్నింటికన్నా పెద్ద పళ్లాల్లో బాగా కనపడుతుంది. చైనా ఇంట్లో ఎవరి చిన్న గిన్నె వారిది. పశ్చిమాసియాలో అన్నమూ మాంసమూ ఒకే పళ్లెంలో పోసి నలుగురూ చుట్టూ కూర్చుని తింటారు. అందుకే యువాన్ కాలంలో జింగ్డెజెన్, లాంగ్‌చువాన్ ఆవాల్లో 40 సెంటీమీటర్లు దాటిన పళ్లాలు మొదలయ్యాయి. అంత పెద్ద పళ్లెం ఆవంలో వంగిపోకుండా కాల్చడం కుమ్మరికి తలనొప్పే. అయినా కాల్చారు, కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ పళ్లాల మీద లోహపు పాత్రల నగిషీలాగా వలయం వెంట వలయంగా, ఖాళీ లేకుండా డిజైన్ పరిచారు. అదీ పడమటి అభిరుచే. ఇవాళ వాటి మేలైన నమూనాలు చైనా కన్నా ఇస్తాంబుల్ తోప్‌కాపి రాజభవనంలోనూ, షా అబ్బాస్ 1611లో వెయ్యికి పైగా చైనా పాత్రలు సమర్పించిన ఇరాన్ అర్దబిల్ దర్గా సేకరణలోనూ ఉన్నాయి. ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్ల ప్రాంతంలోనూ 1960లలో డెబ్బై దాకా యువాన్ పింగాణి పాత్రలు తవ్వకంలో దొరికాయి. తుగ్లక్ సుల్తానుల వంటశాల కూడా ఆ అంగడిలోదే.

చైనా చెయ్యి వెనక్కి తీసుకున్న రోజులూ వచ్చాయి. 1368లో వచ్చిన మింగ్ వంశం ప్రైవేటు వర్తకులు సముద్రం మీదికి పోకూడదని నిషేధం పెట్టింది. గిరాకీ నిషేధాన్ని వినదు. పద్నాలుగో శతాబ్దం చివరి నుంచి పదిహేనో శతాబ్దం దాకా మునిగిన ఓడల్లో చైనా తెలుపు నీలం పాత్రలు అరుదైపోయాయి. ఆ ఖాళీలోకి థాయ్‌లాండ్‌లోని శ్రీసచ్చనాలై ఆకుపచ్చ పాత్రలూ, వియత్నాం తెలుపు నీలం పాత్రలూ దూరాయి. వియత్నాంలో హొయ్ ఆన్ దగ్గర మునిగిన ఒక్క ఓడలోంచే 1990ల చివర్లో రెండు లక్షలకు పైగా వియత్నాం పాత్రలు తీశారు. తోప్‌కాపిలో 1450 తేదీ వేసిన వియత్నాం కూజా కూడా ఒకటుంది. చైనా సరుకు అందనప్పుడు టర్కీ దాకా దాని స్థానంలోకి వెళ్లిన సరుకు అది.

బర్మాలో మర్తబాన్ రేవు పేరు మీద నడిచిన జాడీలు వీటన్నింటికన్నా మనకు దగ్గర చుట్టాలు. నల్లటి, గోధుమ రంగు పూత వేసిన పెద్ద స్టోన్‌వేర్ జాడీలు. కొన్ని బర్మావి, కొన్ని దక్షిణ చైనావి, పేరు మాత్రం రేవుది. నీళ్లకు, నూనెకు, సారాకు, ఉప్పు చేపలకు ఓడల్లో అవే దిక్కు. గాజు పూత ఉంది కాబట్టి ఉప్పూ పులుపూ మట్టిలోకి ఇంకవు. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తూర్పు దేశాల్లో ఒక రాకుమార్తె తనకిచ్చిన కానుకల్ని లెక్క పెడుతూ, అల్లం, మిరియాలు, నిమ్మకాయ, మామిడికాయ ఉప్పులో ఊరేసి నింపిన నాలుగు మర్తబాన్‌ల గురించి చెబుతాడు. సముద్ర ప్రయాణానికి కట్టిచ్చే ఊరగాయ. ఉత్తరాదిన ఇప్పటికీ ఊరగాయ జాడీని మర్తబాన్ అనే అంటారు.

ఇక మన తీరం. పింగాణికి వెయ్యేళ్ల ముందే ఇటు నుంచి అటు మట్టి వెళ్లింది. లోపలి అడుగున పళ్ల చక్రంతో వలయాలుగా సన్నని చుక్కలు అద్దిన పల్చటి పళ్లాలు అమరావతిలోనూ, శ్రీకాకుళం దగ్గరి శాలిహుండంలోనూ దొరికాయి. ఇంగ్లీషువాళ్లు రూలెటెడ్ వేర్ అన్నారు. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడును తవ్వినప్పుడు వాటికి రోము సంబంధం అంటగట్టాడు. తర్వాత మట్టిని పరీక్షిస్తే అవి మన దేశంలో చేసినవేనని తేలింది. అవే పళ్లాల ముక్కలు బాలి ద్వీపంలో సెంబిరన్ అనే తీరపు ఊళ్లో దొరికాయి.

చైనా సరుకు మన రేవుల్లో దిగిన ఆనవాళ్లు మోటుపల్లిలో ఉన్నాయి. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఓ చిన్న ఊరు. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా బలవంతాన లాక్కునేవాళ్లు, మేం మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాజు మాట ఇచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. దయ సంగతి ఎలా ఉన్నా, ఓడలు పక్క రేవుకు పోకుండా చూసుకోవడం ఆ మాటలో ఉంది. ఏ వస్తువుకు ఎంత అన్న వివరమూ చెక్కారు. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు. మట్టి పాత్రల ఊసు లేదు.

అయితే నేలలో ఉన్నాయి. మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ (ఒంగోలు దగ్గరి కొత్తపట్నం కాదు) చైనా సెలడాన్, పింగాణి పెంకులు దొరికాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా దక్షిణ భారత తీరం వెంట ఊరూరా తిరిగి ఇలాంటి పెంకుల కోసం సర్వే చేయించాడు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల లాంగ్‌చువాన్ ఆకుపచ్చ పెంకు ఒకటి చేతికొస్తే నిపుణుడు ముందు దాన్ని బోర్లిస్తాడు. పైపూత కాపీ కొట్టొచ్చు, అడుగు కొట్టలేరు. అడుగు వలయాన్ని ఎంత లోతుగా చెక్కారు, పూత లేని చోట మట్టి తెల్లగా ఉందా, కాలి ఇటుక రంగుకు తిరిగిందా, ఆవంలో దేని మీద కూర్చోబెట్టిన మచ్చ ఉంది, విరిగిన చోట పూత ఎన్ని పొరలుంది అని చూసి, ఏ రాష్ట్రపు ఆవమో, సుమారుగా ఏ కాలమో చెబుతాడు. ఆ కాలానికే చెందిన మార్కో పోలో మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు. అతను మెచ్చుకున్నవి ఇక్కడి రాణి పాలన, వజ్రాలు, సాలెగూడంత సన్నని నూలుబట్ట.

ఆ బట్ట ఎటు పోయింది? మన కోస్తా నేత మలయా, జావా, సయాం రేవులకు శతాబ్దాల పాటు వెళ్లింది. అక్కడి ఉక్కపోతకూ చెమ్మకూ కుళ్లి మట్టిలో కలిసిపోయింది. ఎండు దేశమైన ఈజిప్టులో ఫుస్తాత్ గుట్టల్లో గుజరాత్ అద్దకం బట్టలు ముక్కలుగా మిగిలాయి. ఇండోనేషియాలో సులవేసి దీవిలోని తొరాజాలు కొన్ని భారతీయ వస్త్రాల్ని ఇంటి నిధిగా తరతరాలు దాచారు. అంతకుమించి పాతవి తక్కువ. అందువల్ల తవ్విన ప్రతి రేవులోనూ చైనా వాడే పెద్ద వర్తకుడిలా కనపడతాడు, నేతగాడు కనపడడు. పెంకుల లెక్కతో వర్తకం లెక్క కట్టే చరిత్రకారులు ఈ సంగతి ఒప్పుకుంటారు గానీ, పటాలు గీసేటప్పుడు మర్చిపోతుంటారు. మోటుపల్లిలో దొరికిన ఒక్కో ఆకుపచ్చ పెంకుకూ బదులుగా ఏదో ఒకటి ఓడెక్కింది. అది బట్టే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ.

బెలితుంగ్ సరుకు సంగతికొస్తే, దాన్ని తీసింది ఓ ప్రైవేటు సంస్థ. 2005లో సింగపూర్ దాదాపు 3 కోట్ల 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అమెరికాలో స్మిత్సోనియన్ ప్రదర్శన పెడదామనుకుంటే పురావస్తు పండితులు అడ్డుపడ్డారు. అమ్మకం కోసం ఆదరాబాదరా తీసిన సరుకును ప్రదర్శిస్తే రేపు ప్రతి మునిగిన ఓడనూ దోచుకుంటారని వాళ్ల వాదన. ప్రదర్శన ఆగిపోయింది. వాళ్ల మాటలో బలం ఉంది. ఏ జాడీ ఓడలో ఏ మూల ఉందో నమోదు కాకపోతే, అది అమ్మకపు సరుకో, నావికుల అన్నం గిన్నో తర్వాత ఎవరూ చెప్పలేరు. అవతలి వాదనా తోసెయ్యలేం. తియ్యకుండా వదిలేస్తే రాత్రికి రాత్రి మునిగి ఏరుకుపోయేవాళ్లు అప్పటికే మొదలుపెట్టేశారు. ఆ సరుకులో ఎక్కువ భాగం కలిసే ఉండి, సింగపూర్‌లోని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో కనపడుతోందంటే అది ముక్కలుగా అమ్ముడుపోకపోవడం వల్లే.

అంత దూరం వెళ్లక్కర్లేదనుకుంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దూరప్రాచ్య విభాగం ఉంది. అక్కడి సెలడాన్ పళ్లాల్ని మన దేశంలో ఘోరీ పాత్రలనేవాళ్లు. విషం కలిసిన అన్నం వడ్డిస్తే అవి పగులుతాయని నవాబుల వంటశాలల్లో నమ్మకం. రసాయనశాస్త్రం ప్రకారం అలా జరిగే వీల్లేదు. ఆ నమ్మకం ఇరాన్‌లోనూ, టర్కీలోనూ ఉంది, మేలురకం సెలడాన్ ధర పలకడానికి అదీ ఓ కారణమే. లాంగ్‌చువాన్ కుమ్మరి మాత్రం ఆ పళ్లాన్ని విషం కోసం చెయ్యలేదు. ఆవంలోకి గాలి చొరకుండా చూసుకుని, పడమటి ఓడ కోసం ఎదురుచూశాడు.